కాలిన మోటారుకూ వేదిక మీద చోటివ్వండి

సెమినార్ అంటే మన కాలేజీల్లో ముందుగా గుర్తొచ్చేది శాలువా. తర్వాత జ్యోతి ప్రజ్వలన, జ్ఞాపిక, భోజనం టోకెన్లు, సాయంత్రానికి సర్టిఫికెట్. వీటి మధ్య మిగిలిన టైములో సైన్స్. మెటీరియల్ సైన్స్ సదస్సుల కరపత్రాల్లో ఈమధ్య తరచూ కనిపించే మాట 'ఎక్స్‌ట్రీమ్ ఎన్విరాన్‌మెంట్స్'. అంటే విపరీతమైన వేడి, చలి, ఒత్తిడి, తుప్పు, రేడియేషన్ ఉన్నచోట లోహాలూ ప్లాస్టిక్కులూ గాజూ ఎలా తట్టుకుంటాయి, ఎప్పుడు చేతులెత్తేస్తాయి అన్న చర్చ. అనంతపురంలో ఆ మాట వినగానే మాకు నవ్వొచ్చింది. మే నెలలో టౌను బస్సు సీటు రాడ్డు పట్టుకున్న ఎవరికైనా వస్తుంది.

అంశం చిన్నదని కాదు. విమానం ఇంజన్‌లో టర్బైన్ బ్లేడును తాకే వాయువుల వేడి, ఆ బ్లేడు లోహం కరిగే వేడిని మించి ఉంటుంది. లోపల చల్లగాలి దారులు, పైన సిరామిక్ పూత లేకపోతే అది నిలవదు. కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్ అణు రియాక్టర్‌లో స్టీలు గొట్టాలు సుమారు 550 డిగ్రీల ద్రవ సోడియంలో, న్యూట్రాన్ల దెబ్బలు తింటూ పనిచేయాలి. 2023 ఆగస్టులో చంద్రుడి మీద దిగిన విక్రమ్ ల్యాండర్ అక్కడి మట్టిలో ఉష్ణోగ్రత కొలిచింది. పైన 50 డిగ్రీలు దాటిన వేడి, 8 సెంటీమీటర్ల కింద సున్నాకు 10 డిగ్రీలు తక్కువ. బెత్తెడు లోతులో అంత తేడా! ఇవన్నీ మన పిల్లలు వినాల్సినవే, వింటున్నారు కూడా.

మా పేచీ వేరే. ఏసీ హాల్లో కూర్చుని చంద్రుడి మీది చలి గురించి రెండు రోజులు మాట్లాడుకుని, బయటికొచ్చి స్కూటర్ సీటు మీద నీళ్లు చల్లుకుని ఎక్కేవాళ్లం, మన గడప ముందున్న విపరీతాన్ని ఎప్పుడు లెక్కలోకి తీసుకుంటాం?

అనంతపురంలో ఏ మోటారు వైండింగ్ షాపు ముందైనా ఒక పది నిమిషాలు నిలబడండి. గోడకు ఆనించిన బోరు మోటార్లు, పంపుల వరస కనిపిస్తుంది. మెకానిక్ ఒకదాని మూత విప్పి లోపలి తీగ చుట్టను ఉలితో కొట్టి లాగుతాడు. నీళ్లు నింపి నడిపే ఈ మోటార్లలో రాగి తీగ మీద ప్లాస్టిక్ పొర ఉంటుంది. కాలిన మోటారులో అది కరిగి, తీగకు తీగ అతుక్కుపోయి, నల్లటి బెల్లం పాకంలా గడ్డకట్టి వస్తుంది. ఆ వాసన వీధి చివరిదాకా కొడుతుంది. అడుగున బరువు మోసే థ్రస్ట్ ప్యాడ్ ఒకవైపే అరిగి ఉంటే ఇసుక పని. తీగ చుట్టల్లో కొన్నే మాడి, తక్కినవి బాగుంటే మూడు ఫేజుల్లో ఒకటి పోయిన రోజు రైతు చూసుకోలేదని అర్థం. అంతా ఒకేలా మాడితే బోరులో నీళ్లు దిగిపోయాయి, చల్లబరచడానికి చుట్టూ ఏమీ లేదు. మెకానిక్ చేత్తో తిప్పి చూసి చెప్పేస్తాడు. దీన్ని ఇంజనీరింగ్‌లో ఫెయిల్యూర్ అనాలిసిస్ అంటారు. అతను ఏమీ అనడు, చార్జీ మాత్రం చెబుతాడు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే ప్రాంతం ఇది. బోర్లు వెయ్యి అడుగులకు దిగాయి. అంత లోతున, ఉప్పు, ఫ్లోరైడ్, సన్న ఇసుక కలిసిన నీటిలో, వోల్టేజీ ఎప్పుడు పడుతుందో తెలియని కరెంటుతో ఒక యంత్రం తిరగాలి. ఇన్సులేషన్ గురించి ఇంజనీర్లందరికీ తెలిసిన ఒక మోటు లెక్క ఉంది. పనిచేసే వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుంది. ఈ లెక్కను సదస్సులో బోర్డు మీద రాసే ప్రొఫెసర్లున్నారు. దాన్ని షాపులో పడున్న మోటారు దాకా తీసుకెళ్లినవాళ్లు మాకు కనబడలేదు. వేరుశనగ ఎండుతుంటే మోటారు విప్పించుకుని టెంపోలో వేసుకొచ్చే రైతుకు, ఏ పొర ఎన్ని డిగ్రీల దగ్గర మెత్తబడుతుందో ఎవరైనా తేల్చి చెబితే, అంతకంటే పనికొచ్చే పరిశోధన పత్రం ఈ జిల్లాలో ఉంటుందా?

సోలార్ ప్యానెళ్ల సంగతి ఇంకోటి. కర్నూలు దగ్గర గని, శకునాల పొలాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, ఎన్‌పీ కుంటలో ఇంకొకటి. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన ఎండలో అది 65 డిగ్రీలకు పోవడం మామూలే. డిగ్రీకి 0.4 శాతం చొప్పున పడిపోయే రకమైతే 16 శాతం కరెంటు అక్కడికక్కడే పోయినట్టు. కొత్త రకాల్లో ఈ నష్టం కొంత తక్కువ. అమ్మకానికి వచ్చే ముందు ప్యానెల్‌ను మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు వేడెక్కించి చల్లారుస్తారు. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచుతారు. మంచి పరీక్షే. కానీ ఎర్రమట్టి దుమ్ము పేరుకున్న గాజును బ్రష్షుతో ఏళ్ల తరబడి తోమితే దాని పై పూత ఏమవుతుందో, ఉప్పునీళ్లతో కడిగితే మిగిలే తెల్లమరకలు ఎంత వెలుగు ఆపుతాయో ఆ పరీక్ష చెప్పదు. చెప్పాల్సింది ఆ పార్కులకు గంట దూరంలో ఉన్న ల్యాబులే.

ఇంకా చూడబోతే జాబితా పెద్దదే. తాడిపత్రి, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలు 1,450 డిగ్రీల దగ్గర తిరుగుతాయి, లోపలి ఫైర్ బ్రిక్స్ పడిపోతే ఫ్యాక్టరీ ఆగాల్సిందే. కడప జిల్లాలోని 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం లాంటివాటిలో ఆవిరి 540 డిగ్రీల దాకా వెళ్తుంది. మన దేశపు బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి బూడిదే. ఇసుకరేణువుల్లాంటి ఆ బూడిద గొట్టాలను బయటినుంచి గీకుతుంది, ఒత్తిడి లోపలినుంచి సాగదీస్తుంది. ఈ నెమ్మది సాగుడునే క్రీప్ అంటారు. టర్బైన్ బ్లేడు మీద పీహెచ్‌డీ చేసే విద్యార్థి చదివేదీ ఇదే క్రీప్‌ను. తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజాన్ని ఒత్తిడిలో క్షారంతో కరిగిస్తారు. ఓర్వకల్లు దగ్గరి రక్షణ పరిశోధన రేంజిలో 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని పరీక్షించారు. వెలుగు తగిలిన చోట డ్రోను చట్రం కరిగి కూలడమే దాని పని. ఇక వజ్రకరూరు సంగతి సరేసరి. తొలకరి పడగానే చేలల్లో జనం వెతుక్కునే ఆ వజ్రాలు 150 కిలోమీటర్ల లోతున, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో పుట్టినవి. విపరీత పరిస్థితుల్లో తయారైన పదార్థాన్ని వంగి నేలమీద ఏరుకునే ప్రాంతం మనది.

విరిగిన ముక్కను చేతిలోకి తీసుకోవడమే ఈ శాస్త్రానికి పెద్ద చదువు చెప్పింది. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 'షెనెక్టడీ' అనే కొత్త ట్యాంకర్ ఓడ, సముద్ర పరీక్షలు ముగించుకుని రేవులో కట్టేసి ఉండగా, అలలు లేని నీటిలో పెద్ద శబ్దంతో నడుముకు విరిగింది. యుద్ధకాలంలో వేగంగా వెల్డింగ్ చేసి దింపిన ఓడల్లో ఇలాంటి పగుళ్లు ఇంకా బయటపడ్డాయి. నెపం మొదట వెల్డర్ల మీదికి పోయింది. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే శాస్త్రవేత్త ఆ స్టీలు రేకులను పరీక్షించి, చలి ఒక హద్దు దాటితే ఆ స్టీలే గాజులా పెళుసవుతుందని తేల్చింది. వెల్డింగ్ చేసిన ఓడలో రేకుకూ రేకుకూ మధ్య రివెట్ల అతుకులు లేవు కాబట్టి పుట్టిన పగులు ఆగకుండా పాకింది. ఇప్పుడు ఎన్నో స్టీళ్లకు తప్పనిసరి అయిన చలి పరీక్ష వెనక ఆ విరిగిన రేకులున్నాయి.

అధ్యాపకుల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. ప్రమోషన్‌కు పాయింట్లు కావాలి, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చి ఎన్ని సదస్సులు జరిపారని అడుగుతుంది. బోరు మోటారు మీద పత్రం పంపితే అంతర్జాతీయ జర్నల్ వాళ్లు 'స్థానిక సమస్య' అని తిప్పి పంపుతారేమోనన్న టెన్షన్ ఉంటుంది. కానీ ఫ్యాక్టరీలు విరిగిన గొట్టాన్ని బయటికి ఇవ్వవు, పరువు పోతుందని. కాలేజీలు అడగవు, ఎందుకొచ్చిన గొడవని. ఆ గొట్టం తుక్కుగా అమ్ముడుపోతుంది, అదే రకం గొట్టం అదే చోట మళ్లీ పగులుతుంది.

అనంతపురం జేఎన్‌టీయూలో మెకానికల్ విభాగం ఉంది, శ్రీకృష్ణదేవరాయ వర్సిటీ (ఎస్కేయూ)లో భౌతికశాస్త్రం ఉంది, కడప యోగి వేమన వర్సిటీలో మెటీరియల్ సైన్స్ విభాగం ఉంది, కర్నూలులో డిజైన్, తయారీ చదువుల కోసమే ట్రిపుల్ ఐటీ ఉంది. రెండు రోజుల సదస్సులో ఒక్క పూట విరిగినవాటికి కేటాయించడం పెద్ద పనా? ఫ్యాక్టరీ పేరు బయటపెట్టబోమని రాసిచ్చి ఆ ముక్కను తెప్పించుకోవచ్చు. దాన్ని కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి, తెర మీద చూపించి, పక్కన బాయిలర్ వెల్డర్‌నూ వైండింగ్ మెకానిక్‌నూ కూర్చోబెట్టి, తెలుగులో మాట్లాడుకోవచ్చు. వాళ్లకు జ్ఞాపిక అక్కర్లేదు, ఆ రోజు కూలి ఇస్తే చాలు. శాలువా కూడా ఇస్తామంటే మే నెలలో మాత్రం వద్దని మనవి.

వచ్చే సదస్సు కరపత్రం చివర 'మీ దగ్గర కాలిన, పగిలిన, తుప్పుపట్టిన భాగం ఏదైనా ఉంటే వెంట తెచ్చుకోండి' అని ఒక్క లైను చేర్చి మా ఆఫీసుకు పంపండి. జిల్లా పేజీలో డబ్బులు తీసుకోకుండా వేస్తాం.