కంటెంట్ క్యాలెండర్ గారి దివ్య సముఖమునకు

వెబ్‌సైట్‌లో ఏ రోజు ఏ వ్యాసం రాయాలో, ఏ పోస్టరు వేయాలో గడులు గీసి శాసించే మహారాజశ్రీ కంటెంట్ క్యాలెండర్ గారికి,

నల్లగొండ నుంచి, పెట్టుబడిదారు అండ లేకుండా సొంత డబ్బుతో నడుస్తున్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ వ్రాయునది.

మీ పుణ్యాన ఈ ఉదయం ఒక ఫోను వచ్చింది. "మీ వెబ్‌సైట్ చూశానండీ" అన్నారు. ప్రాణం లేచి వచ్చింది. మేము అమ్మే రైస్ మిల్లు లెక్కల సాఫ్ట్‌వేర్ గురించి పూసగుచ్చినట్టు చెప్పాను. అంతా విని ఆయన అడిగింది ఒకటే: "సన్నబియ్యం పాతిక కిలోల బస్తా ఎంతకిస్తారు?"

ఆయనదేం తప్పు? "మంచి బియ్యాన్ని గుర్తించడం ఎలా" అని మాతో రాయించింది తమరే. జనం ఎక్కువగా వెతికే మాటలన్నీ ఏరి గడుల్లో నింపారు. మిల్లు యజమాని అసలు వెతకడు మహాప్రభో! పక్క మిల్లాయనను అడుగుతాడు, లేదంటే ఆడిటర్‌ను. మిర్యాలగూడ కాంటా గదిలో గుమస్తా చెవి మీద కలం పెట్టుకుని, వడ్ల లారీలతో వచ్చే ట్రక్ షీట్ల కట్ట ముందేసుకుని కుస్తీ పట్టేది ఒకే లెక్కతో. మర పట్టమని సర్కారు ఇచ్చిన వడ్లకు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. ఇచ్చింది పోను ఇంకెంత బాకీ? దాని మీద ఒక్క వ్యాసం రాస్తామంటే "వెతికేవాళ్లు లేరు" అని పక్కన పడేశారు. లేకపోతే లేరు, మాకు డబ్బు కట్టేది వాళ్లే కదా!

"ఫలితం కోసం ఆరు నెలలు ఓపిక పట్టండి" అన్నది మీ మరో సుభాషితం. కోట్ల పెట్టుబడి తెచ్చుకున్న కంపెనీలు ఓపిక పడతాయి. మాకు ఒకటో తారీఖున అద్దె, సర్వర్ బిల్లు. 2024 ఆగస్టు నుంచి గూగుల్ మన దేశంలోనూ ఏఐ జవాబును అన్నిటికంటే పైన చూపిస్తోంది. "ఇన్వెంటరీ అంటే ఏమిటి" అన్న ముక్క కోసం ఇక మా దాకా ఎవరు వస్తారు? మీ గడి మాత్రం కదలదు.

ఎల్లుండి అక్టోబరు 1. కొత్త ధాన్యం సేకరణ సీజను మొదలు. లారీలు తూచే వేబ్రిడ్జి తూకం కంప్యూటర్‌లోకి రావడం లేదని ఇప్పటికే ఫోన్లు. మీరేమో ఎర్రటి అక్షరాలతో "అంతర్జాతీయ కాఫీ దినోత్సవం, పోస్టరు" అని గుర్తుచేస్తున్నారు. కాఫీ ఎవరిక్కావాలి? మాకు అన్నం పెట్టేది వడ్లు! దసరాకూ సంక్రాంతికీ మా లోగో అంటించి శుభాకాంక్షలు చెప్పినందుకు ఒక్క మిల్లయినా మా సాఫ్ట్‌వేర్‌కు చందా కట్టిందా?

ఆ 67 కిలోల లెక్కే రాస్తాం. అచ్చు వేయించి మిల్లు మిల్లుకూ తిరిగి పంచుతాం. ఎల్లుండి పొద్దున మేము కాంటా గదిలో ఉంటాం. పోస్టరు తమరే వేసుకోండి.