రొయ్యల పాస్తా: 20 నిమిషాల కాకిలెక్క

రాత్రి భోజనానికి రొయ్యల పాస్తా, 20 నిమిషాల్లో, ఒక్క స్పూను నూనెతో. బెంగళూరు తెలుగు ఇళ్లలో ఈ మధ్య ఇంతకంటే పెద్ద సంస్కరణ ఏదీ రాలేదు కాబట్టి, దీన్ని తీసిపారేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మారతహళ్లి ఆంధ్రా మెస్సుల్లో కందిపొడీ నెయ్యీ కలుపుకుని పొట్ట పెంచిన ఇంజనీరు, ఒక శుక్రవారం కొలెస్ట్రాల్ రిపోర్టు ఫ్రిజ్‌కి అంటించి, ఆలివ్ నూనె సీసా చేతబట్టి, "ఈ రోజు వంట నాది" అని ప్రకటించడం మామూలు విషయమా?

ముందుగా ఆ 20 నిమిషాలు ఎప్పుడు మొదలవుతాయో తెలుసుకోవాలి. స్టవ్ వెలిగించినప్పుడు. అంతకుముందు జరిగేదంతా ఎండా వానా లాంటిది, దానికి లెక్కాపత్రం ఉండవు. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సమయం లెక్కలో లేదు, రొయ్యలు బాగుచేసిన సమయం అసలే లేదు. కిలో వన్నామి రకం రొయ్యలు కొంటే తలా పొట్టూ పోగా చేతికొచ్చేది సగానికి అటూ ఇటూ. ఆ సగంలో కూడా ఒక్కో రొయ్యకీ వీపు మీద సన్నగా గాటు పెట్టి, నల్ల పేగుని టూత్‌పిక్‌తో మెల్లిగా లాగాలి, అది సరిగ్గా మధ్యలో తెగుతుంది, ఇంకో గాటు పెట్టాలి. తర్వాత ఉప్పూ పసుపూ వేసి రెండుసార్లు కడగాలి, ఆ పొట్టుని మూటకట్టి తెల్లారి చెత్త బండి వచ్చేదాకా వాసన రాకుండా ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలి. రెసిపీలో మాత్రం ఇదంతా "శుభ్రం చేసిన రొయ్యలు" అని మూడు మాటల్లో అయిపోతుంది. ఎవరు శుభ్రం చేశారని అడక్కూడదు. మా పక్క ఫ్లాట్లో అయితే, మనవడిని చూసి పోదామని భీమవరం నుంచి వచ్చిన మన ఇంజనీరు వాళ్ల అమ్మగారు. రొయ్యల చెరువుల పక్కనే పుట్టి పెరిగిన మనిషి, రైలెక్కి ఇంత దూరం వచ్చి, 11వ అంతస్తులో మళ్లీ రొయ్యలే వలిచారు.

"ఒరేయ్, ఇంతసేపు వలిచాను కదా, అల్లంవెల్లుల్లి వేసి ఇగురు పెట్టేయనా?"

"వద్దమ్మా, నూనె ఎక్కువైపోద్ది."

ఇక భౌగోళిక అన్యాయం గురించి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ప్యాకెట్ మీద 10 నిమిషాలని రాసి ఉన్న పాస్తా ఇక్కడ ఇంకో నిమిషమో రెండో అడుగుతుంది. చెన్నైలో ఉన్న బావమరిది సముద్రం ఒడ్డున కూర్చుని 10 నిమిషాల్లో ఉడికించి ఫొటో పంపుతుంటే మనవాడు ఏం కావాలి? పీఠభూమి వాసులకు 20 నిమిషాల నిబంధనలో సడలింపు ఇవ్వాలని గట్టిగా కోరుతున్నాను. పైగా రొయ్య ఎవరి కోసమూ ఆగదు. వేడి బాణలిలో రెండు మూడు నిమిషాలు, అంతే. నెలవంకలా వంగితే ఉడికినట్టు. మనవాడు ఫొటోకి లైటింగ్ సరిచూసుకునేలోపు అవి పూర్తిగా సున్నా చుట్టేశాయి, ఆ తర్వాత అవి రొయ్యలు కావు, రబ్బరు వాషర్లు.

కొవ్వు లెక్కలో మాత్రం వేలెత్తి చూపడానికి లేదు. పెద్ద స్పూను నూనెలో 14 గ్రాముల కొవ్వు, 120 కేలరీలు. వంద గ్రాముల రొయ్యల్లో కొవ్వు ఒక గ్రాముకి అటూ ఇటూ. (కొలెస్ట్రాల్ కోడిమాంసంలో కంటే రెట్టింపు ఉంటుంది గానీ, ఆ సంగతి ఫ్రిజ్ మీది రిపోర్టుకి ఎవరూ చెప్పలేదు.) క్రీము అక్కర్లేదు, పాస్తా వార్చిన నీళ్లు ఒక గరిటెడు పోస్తే అందులోని పిండిపదార్థమే సాస్‌ని చిక్కగా చేస్తుంది. ఈ రహస్యాన్ని మనవాడు అమ్మకి అరగంట సేపు వివరించాడు, ఆవిడ నలభై ఏళ్లు గంజి వార్చిన మనిషి కాబట్టి ఓపిగ్గా విన్నారు. చేపలూ రొయ్యలూ వేసిన పాస్తా మీద చీజ్ వేయడం ఇటలీవాళ్లకి మామూలుగా నచ్చదు, డాక్టరుకీ నచ్చదు. ఒప్పుకోనివాడు ఆరేళ్ల మనవడొక్కడే. కాబట్టి చీజ్ వచ్చింది, గుప్పెళ్లతో వచ్చింది, కానీ అది పిల్లాడి ఖాతాలో రాసుకోవాలి, పెద్దవాళ్లు ఆ పళ్లెంలోంచి రుచి చూశారంతే.

రాత్రి పదిన్నరకి అందరికీ మళ్లీ ఆకలేసింది. అన్నంలో ఆవకాయ, పైన నూనె, ముద్ద ముద్దకీ నెయ్యి. అయితే అది భోజనం కిందికి రాదు, భోజనం ఎనిమిదిన్నరకే 20 నిమిషాల్లో అయిపోయింది కదా. సింకులో బాణలి, చిల్లుల గిన్నె, చీజ్ అతుక్కుపోయిన పళ్లేలు పొద్దున పనమ్మాయి లెక్కలోకి వెళ్లాయి.

వచ్చే శుక్రవారం స్క్విడ్ పాస్తా అని ప్రకటన వెలువడింది, అది 15 నిమిషాలేనట. అమ్మగారు గురువారం రాత్రి బస్సుకి టికెట్ చేయించుకున్నారు.