డి, ఈ, ఎఫ్ అని అక్షరాలు పెడితే డిస్కులు వేరైతయా?

మిర్యాలగూడల రైస్ మిల్లు కానీ, పాలమూరుల దవాఖాన బిల్లింగ్ కానీ, లెక్కలన్నీ దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ స్లో అయిందంటే ముందు ర్యామ్ పెంచుమంటరు, తర్వాత మిషనే మార్చుమంటరు. ఫైళ్లు ఏ డిస్కు మీదున్నయో చూసేటోళ్లు తక్కువ. అడిగితే "డేటా డిల, లాగ్ ఈల, టెంప్‌డీబీ ఎఫ్‌ల, అన్నీ వేరే పెట్టినం సార్" అంటరు. (లాగ్ అంటే ప్రతి మార్పునూ రాసిపెట్టే ఫైలు, టెంప్‌డీబీ అంటే తాత్కాలిక పనులకు వాడుకునే జాగా.) విండోస్‌ల డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడుర్రి, మూడూ డిస్క్ 0 కిందనే, అంటే ఒక్క డిస్కు మీదనే ఉంటయి. ఒక్క కాంటాకు మూడు గేట్లు పెడితే లారీలు జల్ది తూగుతయా?

నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కుల, చదివి రాసే హెడ్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడానికి 8, 9 మిల్లీసెకన్లు పడతది. అక్కడికి పోయినంక సగటున సగం చుట్టు, అంటే ఇంకో 4 మిల్లీసెకన్లు ఆగాలె. చెదిరి ఉన్న డేటాను సెకనుకు 80 సార్లకు మించి అందుకోలేదు. లాగ్ అట్ల కాదు, వరుసగా రాసుకుంట పోయే ఫైలు. కాంటా ఆపరేటర్ సేవ్ నొక్కితే, ఆ ఎంట్రీ లాగ్‌ల పడేదాకా స్క్రీన్ కదలదు. లాగ్‌కు సొంత డిస్కుంటే హెడ్ అక్కడ్నే ఉండి రాస్తది. అదే డిస్కు మీద ఆఫీసుల ఎవరో సీజన్ మొత్తం స్టాక్ రిపోర్ట్ తీసిండ్రనుకోర్రి, హెడ్ అటు ఉరుకుడు, ఇటు ఉరుకుడు. వానకాలం వడ్లు దిగే రోజుల్ల కాంటా దగ్గర చీటీ రాక లారీ ఆగేది ఇందుకే.

నాలుగు డిస్కులు కొని, జాగా ఎక్కువొస్తదని నాలుగూ కలిపి రెయిడ్ 5 చేస్తరు. అంటే అన్నిటినీ ఒక్క డిస్కు లెక్క చేసి, ఒకటి పోయినా డేటా దక్కేటట్టు ప్యారిటీ అనే అదనపు లెక్క రాసుకునే పద్ధతి. డేటాబేస్‌కు ఇది తప్పు పని. ఒక చిన్న రాతకు పాత డేటా చదవాలె, పాత ప్యారిటీ చదవాలె, మళ్ల రెండూ కొత్తగా రాయాలె. రెండేసి డిస్కులు జతచేసి, రెండిట్ల ఒకటే డేటా రాసే రెయిడ్ 1 పెట్టుర్రి. ఒక జత మీద విండోస్, లాగ్. ఇంకో జత మీద డేటా, టెంప్‌డీబీ. డేటా డ్రైవ్‌ను 64 కేబీ అలొకేషన్ యూనిట్‌తో (ఫైళ్లకు జాగా ఇచ్చే ముక్క సైజు) ఫార్మాట్ చేయాలె. బ్యాకప్ వేరే మిషన్ మీదికే పోవాలె.

ఫైళ్లను కొత్త డిస్కుకు జరిపే ముందు ఫుల్ బ్యాకప్ తీయుర్రి. ఆల్టర్ డేటాబేస్ మాడిఫై ఫైల్ అనే కమాండ్‌తో కొత్త దారి చెప్పి, డేటాబేస్‌ను ఆఫ్‌లైన్ చేసి, ఫైలు కాపీ చేసి, ఆన్‌లైన్ చేయాలె. కట్ చేయొద్దు. ఆన్‌లైన్ కాకుండ 'యాక్సెస్ డినైడ్' అన్నదంటే, కొత్త ఫోల్డర్ మీద ఎస్‌క్యూఎల్ సర్వీస్ అకౌంట్‌కు హక్కు ఇయ్యలేదన్నట్టు. టెంప్‌డీబీకి కాపీ అక్కర్లేదు, సర్వీస్ రీస్టార్ట్‌తోని కొత్త చోట అదే తయారైతది. కానీ ఆ ఫోల్డర్ ముందే లేకుంటే సర్వీసే లేవదు.

ఫైలు నిండితే దానంతటదే పెరిగే కొలత, అంటే ఆటోగ్రోత్, 10 శాతం మీద వదిలేయొద్దు. 20 జీబీ లాగ్ ఒక్కసారి 2 జీబీ పెరగాలంటే ఆ జాగా మొత్తం సున్నాలతో నింపాలె. సెకనుకు 100 ఎంబీ రాసే డిస్కు మీద 20 సెకన్లు అందరి పని బందే. సైజు ముందే ఇచ్చి, పెరుగుడు 256 ఎంబీ చొప్పున పెట్టుర్రి.

ఎస్‌ఎస్‌డీ ఉంది కదా అంటరా? హెడ్ బాధ తప్పుతది, నిజమే. కానీ ల్యాప్‌టాప్‌ల పెట్టే రకంల కరెంటు పోతే డేటాను కాపాడే కెపాసిటర్లు ఉండవు. సర్వర్ రకమే అడిగి తీసుకోర్రి.

కొత్త మిషన్ కొటేషన్ తెప్పించే ముందు ఎస్‌క్యూఎల్ సర్వర్‌ల ఉండే డీఎం ఐఓ వర్చువల్ ఫైల్ స్టాట్స్ అనే లెక్క తీసి, ప్రతి ఫైలుకు రాతల్ల ఆగిన మిల్లీసెకన్లను రాతల సంఖ్యతో, చదువుడుల ఆగిన మిల్లీసెకన్లను చదివిన సార్ల సంఖ్యతో భాగించుర్రి. లాగ్ రాతకు 5 మిల్లీసెకన్లు దాటితే, డేటా చదువుడుకు 20 దాటితే, అప్పుడు డిస్కు మాట మాట్లాడాలె.