పాలలో వెన్న కొలుస్తారు, క్రీమ్ దగ్గరికొచ్చేసరికి ఎవరూ మాట్లాడరు

మొన్న పాప పుట్టినరోజుకి ఇంట్లోనే కేక్ చేద్దామని పటమటలో ఒక షాపుకెళ్లి గిలక్కొట్టే క్రీమ్ కావాలండి అంటే, ఆయన ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ చేతిలో పెట్టి "ఇదేనమ్మా, అందరూ ఇదే తీసుకెళ్తారు" అన్నాడు. ఇంటికొచ్చి గిన్నె కింద ఐస్ పెట్టి మరీ ఇరవై నిమిషాలు బీటర్ తిప్పా, పైన కాస్త నురగ తప్ప ఏమీ రాలేదు. ప్యాకెట్ తిప్పి చూస్తే ఫ్యాట్ 25 శాతం! దాంతో నిలబడదండీ, కనీసం 30 ఉండాలి, 35 దాటితే ఇంకా బాగా నిలుస్తుంది, అదీ బాగా చల్లగా ఉంటేనే, ఎందుకంటే గాలి బుడగల చుట్టూ కొవ్వు గట్టిగా అతుక్కుంటేనే క్రీమ్ నిలబడేది, మన బెజవాడ వేడికి ఆ కొవ్వు కరిగితే ఇక అంతే.

మళ్లీ వెళ్తే ఫ్రీజర్లోంచి ఇంకో డబ్బా తీశాడు, కేక్ షాపులవాళ్లు వాడేది ఇదేనట. చదివితే నీళ్లు, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఆయిల్, పంచదార. పాల కొవ్వు చుక్క లేదు, నాన్ డైరీ అని ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంది. దాంతో వేసిన పువ్వు ఫ్యాన్ కింద గంట ఉన్నా రేకు వంగలేదు, నోట్లో వేసుకుంటే కరక్కుండా అంగిలికి మైనంలా అంటుకుంది. అది కావాలనుకునేవాళ్లకి అమ్మండి, నేను వద్దనట్లేదు. కానీ దాన్ని క్రీమ్ అని చెప్పి ఎందుకమ్ముతారు?

మా అమ్మ తెనాలి దగ్గర ఇప్పటికీ గేదె పాలు కేంద్రానికి పోస్తుంది. అక్కడ వెన్న శాతం మిషన్లో కొలిచి, పాయింటు తగ్గితే రేటు తగ్గిస్తారు. పోసేవాళ్ల దగ్గర అంత లెక్క, కొనేవాళ్లకి మాత్రం అన్నీ "క్రీమే"!

ఇంకోటి, మీగడా క్రీమూ ఒకటే అనుకోకండి. మీగడంటే కాచిన పాల మీద కొవ్వూ ప్రొటీనూ కలిసి కట్టే పొర, అందుకే వేలితో ఎత్తితే తడిగుడ్డలా లేస్తుంది. క్రీమ్ అయితే పాలని సెపరేటర్లో గిర్రున తిప్పి తీసేది, అందులో పొర ఉండదు. యూట్యూబ్ వంటల్లో కూడా చూస్కోండి, అమెరికావాళ్ల హెవీ క్రీమ్ అంటే 36 శాతం, ఇంగ్లండువాళ్ల సింగిల్ క్రీమ్ 18, డబుల్ క్రీమ్ అయితే 48, మన ప్యాకెట్ వీటిలో దేనికీ సరిపోదు. కూరకి మాత్రం మన 25 చాలు, కాకపోతే టమాటా గ్రేవీ కుతకుతలాడేటప్పుడు పోస్తే విరిగిపోతుంది, పొయ్యి కట్టేశాక పోయండి.

డిసెంబర్లో బాబు పుట్టినరోజుంది. బెజవాడలో గానీ గుంటూరులో గానీ 35 శాతం అసలు పాల క్రీమ్ దొరికే చోటు తెలిస్తే కామెంట్లో చెప్పండి, ప్యాకెట్ వెనక వైపు ఫొటో కూడా పెట్టండి ప్లీజ్.