22 క్యారెట్ల ఉంగరం యాసిడ్‌లో నానితే స్పాంజి కాదు

చెన్నై తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది: "పాత 22 క్యారెట్ల ఉంగరాన్ని నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా ఉంచండి. వెండి కరిగి, అది ఉన్నచోట రంధ్రాలు పడతాయి. ఎంత నానితే అంత సన్నటి బంగారు స్పాంజి. ఇంట్లోనే చేసుకోవచ్చు."

ఉంగరం సంగతి ముందు. గీటురాయి మీద గీసి నైట్రిక్ చుక్క వేసి చూడండి, 22 క్యారెట్ల గీత చెక్కుచెదరదు. షావుకారుపేటలో ఏ కంసాలిని అడిగినా ఇదే చెప్తాడు. బరువులో 91.6 శాతం బంగారమంటే, పరమాణువుల లెక్కన మిగతాది వెండైతే సుమారు 86, రాగైతే 78 శాతం బంగారమే. పైనున్న కాస్త వెండీ పోగానే బంగారం దారి మూసేస్తుంది. యాసిడ్ లోపలికి దిగాలంటే వెండి పరమాణువులు దాదాపు 55 శాతం ఉండాలి. 18 క్యారెట్లు కూడా పనికిరాదు.

అందుకే ముందు వెండి కలిపి కరిగించాలి. 10 గ్రాముల 22 క్యారెట్లలో బంగారం 9.16 గ్రాములు. 8.32 గ్రాముల వెండి చేరిస్తే బరువులో సగం బంగారం అవుతుంది. స్పాంజికి ఆ పాళ్లు సరిపోతాయి. బంగారం శుద్ధి చేసేవాళ్లు 26.64 గ్రాములు వేసి బంగారాన్ని పావు వంతుకు దించుతారు. ముక్క పెళుసెక్కినా, విరిగినా వాళ్లకు నష్టం లేదు, మనకు ఉంది.

"వెండి ఉన్నచోట రంధ్రం" అన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ మిశ్రమలోహంలో వెండి గడ్డలుగా ఉండదు, పరమాణువు పక్కన పరమాణువుగా కలిసిపోయి ఉంటుంది. వెండి పొర లేచిపోయాక దిక్కులేకుండా మిగిలిన బంగారు పరమాణువులు ఉపరితలం మీద జరుగుతూ గుంపులు కడతాయి. గుంపుల మధ్య కింది వెండి బయటపడుతుంది, యాసిడ్ అక్కడ దిగుతుంది. రంధ్రాన్ని చెక్కేది ఈ కదలికే.

ఎక్కువసేపు నానబెట్టడమూ ఇక్కడే బెడిసికొడుతుంది. ఆ కదలిక ఆగదు కాబట్టి రంధ్రాల మధ్య మిగిలిన పదుల నానోమీటర్ల బంగారు పోగులు లావెక్కుతూ పోతాయి, రంధ్రాలు పెద్దవవుతాయి. పైగా పోగుల్లో చిక్కిన కాస్త వెండి ఎలాగూ పూర్తిగా రాదు. ప్రయోగశాలలో సగంసగం వెండిబంగారు రేకును, అంటే మీటరులో కోటో వంతు మందమున్నదాన్ని, గాఢ యాసిడ్ మీద తేలేసి నిమిషాల్లోనే గాజుపలకతో ఎత్తుతారు. కడగడానికి డిస్టిల్డ్ వాటరే వాడాలి. బోరునీళ్లలోని క్లోరైడ్ తగిలితే తెల్లటి సిల్వర్ క్లోరైడ్ రంధ్రాల్లో పేరుకుంటుంది. మందపాటి ముక్కయితే కుంచించుకుని పగుళ్లిస్తుంది.

ఇంట్లో మాత్రం వద్దు. గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ పొగ పీల్చినప్పుడు దగ్గుతో సరిపోయినట్టు అనిపించినా, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. పని త్వరగా అయిపోవాలని హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపారా, అది ద్రవరాజం. బంగారాన్నే కరిగించేస్తుంది.