నిన్న లేని భాష

ప్రభుత్వ విద్యా రేడియో కేంద్రం వారు ప్రతి ఆదివారం సాయంత్రం 15 నిమిషాల పాటు ప్రసారం చేసే విదేశీ భాషా పాఠాలను నేను 11 ఏళ్లుగా క్రమం తప్పకుండా వింటున్నాను. ఇన్నేళ్లలో నాకు అబ్బిన పాండిత్యం ఏపాటిదో విన్నవించుకోవడం శ్రోతగా నా ధర్మం. ఆ భాషలో నేను ఎదుటివారికి నమస్కరించగలను, నా పేరు చెప్పగలను, విద్యార్థినని నమ్మబలకగలను, కనబడిన సంచి ఎవరిదని ఆరా తీయగలను. అంతకు మించి ఒక్క ముక్క రాదు. ఇందుకు నా మందబుద్ధిని నిందించే ముందు పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఈ పాఠాలు మొత్తం 40 అని మొదటి వారమే గంభీరంగా ప్రకటిస్తారు. 12వ పాఠం ముగిసిన మరుసటి ఆదివారం, ఏమీ ఎరగనట్టు, మళ్లీ మొదటి పాఠం వేస్తారు. నా లెక్క ప్రకారం ఇప్పటికి ఈ ప్రదక్షిణం 47 సార్లు పూర్తయింది.

12వ పాఠం చివర అధ్యాపకులు తప్పనిసరిగా ఒక మాట ఇస్తారు: ‘నిన్న మనం ఏమేం చేశామో చెప్పడం వచ్చే వారం నేర్చుకుందాం.’ ఆ వచ్చే వారం ఇంతవరకు రాలేదు. భూతకాలమంటే కేంద్రం వారికి నిజంగా భూతమంత భయమని నేను నిర్ధారణకు వచ్చాను.

దీనివల్ల అందరికన్నా నష్టపోయినవారు పాఠంలోని ఆ ఇద్దరు అభాగ్యులు. ఒక యువకుడూ ఒక యువతీ రైల్వే ప్లాట్‌ఫారం మీద కలుసుకుంటారు. నమస్కారాలవుతాయి. ‘ఇది నా సంచి’ అంటాడు అతను. ‘అవును, అది మీ సంచి’ అని ఆమె ధ్రువీకరిస్తుంది. దూరాన ఇంజన్ కూత వినిపిస్తుంది. ‘రైలు వస్తోంది’ అంటాడు. 11 ఏళ్లుగా వస్తూనే ఉంది. వచ్చిందని చెప్పడానికి వారికి క్రియారూపం లేదు కనుక అది రాలేదు, వీరు ఎక్కలేదు. మూడో పాఠం నాటికి సంచుల వ్యవహారం తేలిపోతుంది, ఏడో పాఠంలో ఇద్దరూ గడియారం చూసుకుంటారు, తొమ్మిదో పాఠంలో ఆమె చిన్నగా నిట్టూర్చినట్టు నాకు వినబడుతుంది; పరిచయం ఒక కొలిక్కి వస్తోందని శ్రోత ఆశపడేలోగా మొదటి పాఠం తిరిగొచ్చి, అతను ఆమె పేరు మళ్లీ కొత్తగా అడుగుతాడు. ‘ఇంతకుముందు చెప్పాను కదా’ అని విసుక్కునే హక్కు కూడా ఆమెకు లేదు. ఆ వాక్యం 13వ పాఠంలో ఉంది.

ఇక శ్రోతలకు ఇచ్చే అవకాశం గురించి. ‘ఇప్పుడు మీరు చెప్పండి’ అని అధ్యాపకులు కాసేపు మౌనం పాటించి, ఆ వెంటనే ‘చాలా చక్కగా చెప్పారు’ అని మెచ్చుకుంటారు. ఒకసారి ఆ వ్యవధిలో నేను తుమ్మాను, చక్కగా చెప్పానన్నారు. మరోసారి కుళాయి కట్టడానికి లేచి వెళ్లి వచ్చేసరికి నా ఉచ్చారణ ఎంతో మెరుగుపడిందని విన్నాను. నేను గదిలో లేనప్పుడు మరింత బాగా మాట్లాడతానన్న అనుమానం నాకు అప్పటినుంచే ఉంది.

రేడియోలో భాష నేర్పడం అసాధ్యమని ఎవరైనా వాదిస్తారేమో. జపాన్‌లో రేడియో ప్రసారాలు మొదలైన 1925లోనే ఇంగ్లీషు పాఠాలూ మొదలయ్యాయి. 1931లో విద్యా కార్యక్రమాల కోసం ఏకంగా రెండో ప్రసారాన్నే ప్రారంభించారు. బీబీసీ వారు రేడియో ద్వారా ఇంగ్లీషు నేర్పడానికి పూనుకున్నది 1943లో, ప్రపంచ యుద్ధం నడుమ. 1946 ఫిబ్రవరిలో, యుద్ధంలో ఓడి నగరాలు బూడిదై జనం తిండికి వెతుక్కుంటున్న రోజుల్లో, తదైచి హిరకవా అనే ఆయన టోక్యో రేడియోలో వారానికి అయిదు రోజులు 15 నిమిషాల పాటు ఇంట్లో మాట్లాడుకునే మామూలు మాటలతో ఇంగ్లీషు నేర్పాడు. వారికి బాంబుల మధ్య పాఠాలు దొరికాయి. మా కేంద్రం వారికి సొంత అల్మారాలో ఉన్న 13వ టేపు దొరకడం లేదు.

పోనీ, నాకంటే ఇది ఆదివారం కాలక్షేపం. కానీ ఈ పాఠాలు ‘ముఖ్యంగా ఉపాధి కోసం విదేశాలకు వెళ్లేవారి సౌకర్యార్థం’ అని ప్రతిసారీ ప్రకటిస్తారే, ఆ వెళ్లేవారికి కావలసిన మాటలేమిటో ఆ గాజు గదిలో కూర్చున్న ఒక్కరైనా ఆలోచించారా? ఆసుపత్రిలో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న నొప్పి ఎప్పుడు మొదలైందనే. మూడు నెలలు చేయించుకుని జీతం ఎగ్గొట్టిన యజమాని మీద ఫిర్యాదు చేయాలంటే ‘పని చేశాను, డబ్బు ఇవ్వలేదు, నా పాస్‌పోర్టు తీసుకున్నాడు’ అని చెప్పాలి. మూడూ జరిగిపోయిన సంగతులే. మీ పాఠాలను నమ్ముకుని వెళ్లిన మనిషి పోలీసు అధికారి ముందు నిలబడి ఏమంటాడు? ‘నమస్కారం. నేను విద్యార్థిని. ఇది నా సంచి’ అంటాడు. అతని నోట్లోంచి నిన్నటిని లాగేసుకుని పంపించారు మీరు. దీన్ని అలసత్వమంటే అలసత్వం సిగ్గుపడుతుంది. ఒక టేపు వెతకడానికి 11 ఏళ్లు చాలని వారు, ఆ 15 నిమిషాలు ఏ జంత్రవాద్యానికో ఇచ్చేస్తే కనీసం ఎవరూ మోసపోరు.

నాలుగేళ్ల కిందట ఈ విషయమై కేంద్రానికి ఉత్తరం రాశాను. ‘మీ సూచన పరిశీలనలో ఉన్నది’ అని జవాబు వచ్చింది. నిరుడు మళ్లీ రాస్తే అదే వాక్యం వచ్చింది. వారికి కూడా వర్తమానం దాటి రాదని అప్పుడు గాని నాకు తట్టలేదు. అందుచేత ఈసారి వారు నేర్పిన భాషలోనే రాశాను. ‘నమస్కారం. నేను విద్యార్థిని. ఇది నా ఉత్తరం. అది మీ కుర్చీ. 13వ పాఠం ఎక్కడ ఉంది?’ ఎక్కడ అని అడగడం అయిదో పాఠంలో నేర్పుతారు. ఒక్క తప్పు కూడా లేదు.