గోల్ఫ్‌లో గజాల పంచాయితీ

జడ్చర్ల చౌరస్తాలో గజం అంటే ఒకటే అర్థం, ప్లాటు రేటు. ఆ మధ్య చాయ్ హోటల్లో కూర్చుంటే ఒక పిల్లగాడు వచ్చి చేతిలో వెంచర్ బ్రోచర్ పెట్టాడు. అట్ట మీద పచ్చటి గడ్డి, తెల్ల ప్యాంటేసుకున్న మనిషి, ఆయన చేతిలో గోల్ఫ్ కర్ర. 'గోల్ఫ్ వ్యూ విల్లాలు' అని రాసుంది. కింద గజానికి ఎంతో రేటు. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ ఆటలోని పెద్దమనుషులు కొన్నేళ్లుగా తెంపులేకుండా కొట్లాడుకుంటున్నదీ గజాల గురించే. వాళ్లవి బంతి పోయే దూరపు గజాలు, మనవి చదరపు గజాలు. రెండూ ఒకే పంచాయితీ అని నాకనిపిస్తుంది.

సంగతేంటంటే, గోల్ఫ్ నియమాలు రాసేవి రెండు సంస్థలు. అమెరికాలో యూఎస్‌జీఏ, స్కాట్లాండ్‌లో ఆర్ అండ్ ఏ. బంతి మరీ దూరం పోతోంది, కళ్లెం వేస్తామని 2023 డిసెంబర్‌లో ఈ రెండూ కలిసి ప్రకటించాయి. బంతిని యంత్రంతో గంటకు 120 మైళ్ల వేగంతో కొట్టించి పరీక్షిస్తారు. అది 317 గజాలు, తేడాల కింద మరో 3 గజాలు మించకూడదు. హద్దు అదే ఉంచి కొట్టే వేగాన్ని 125 మైళ్లకు పెంచుతామన్నారు. అంటే దూరం పోయే ఇప్పటి బంతులు ఆ పరీక్షలో ఫెయిలవుతాయి. కంపెనీలు కాస్త మందకొడి బంతి చేయాల్సిందే. పెద్ద ఆటగాళ్లకు 2028 నుంచి, మిగతావాళ్లకు 2030 నుంచి అన్నారు. అందరికీ ఒకేసారి 2030లోనే పెడదామన్న మాట కూడా తర్వాత వచ్చింది.

దీనివల్ల బాగా బలంగా కొట్టేవాళ్లకు తగ్గేది 13 నుంచి 15 గజాలు. ఆదివారం సరదాగా ఆడేవాళ్లలో చాలామందికైతే 5 గజాలు మించి తగ్గదు. ఇంత చిన్నదానికే బంతుల కంపెనీలు గోల పెట్టాయి, అమెరికాలో పెద్ద ఆటగాళ్ల పోటీలు నడిపే పీజీఏ టూర్ ముఖం తిప్పుకుంది. జనం దూరం కొట్టేది చూడటానికే వస్తారట. క్రికెట్లోనూ ఈ మాటే అన్నారు కదా! అయినా 2017లో బ్యాటు అంచు 40 మిల్లీమీటర్లు దాటొద్దని నియమం పెట్టారు. సిక్సర్లేమీ ఆగిపోలేదు.

పీజీఏ టూర్లో డ్రైవ్, అంటే బంతిని దూరం పంపే మొదటి దెబ్బ, సగటున 1980లో సుమారు 257 గజాలు. 2023 నాటికి దాదాపు 300. బంతి ముందుకు పోతే మైదానం వెనక్కి జరగాలి. 1997లో టైగర్ వుడ్స్ మాస్టర్స్ అనే పెద్ద టోర్నీ గెలిచినప్పుడు, అది జరిగే అమెరికాలోని అగస్టా కోర్సు (మైదానం) పొడవు 6,925 గజాలు. ఇప్పుడు 7,500 దాటింది. అక్కడి పదమూడో హోల్‌ను, అంటే పదమూడో గుంటకు బంతి కొట్టుకుంటూ పోయే బాటను, 2023లో 35 గజాలు వెనక్కి జరపడానికి పక్క క్లబ్బు దగ్గర నేల కొన్నారు. డబ్బున్న క్లబ్బు, కొనుక్కుంది.

నా కాకిలెక్క ఒకటి చెబుతాను. డ్రైవర్ అనే, దూరం కొట్టే కర్రతో ఆడే హోల్స్ పద్నాలుగు అనుకుందాం. హోల్‌కు 15 గజాల చొప్పున పెంచితే 210 గజాలు. వెడల్పు 60 గజాలు వేసుకున్నా 12,600 చదరపు గజాలు, అంటే 104 గుంటలు. రెండెకరాల 24 గుంటలన్నమాట. మా పాలమూరులో అంత భూమి మీద బతికే కుటుంబాలెన్నో. ఆ గడ్డికి నీళ్లూ పట్టాలి. పద్దెనిమిది హోల్స్ కోర్సంటేనే సుమారు 120 నుంచి 150 ఎకరాలు, ఎండాకాలంలో రోజుకు లక్షల లీటర్లు తాగుతుంది. శుద్ధి చేసిన మురుగునీళ్లతో నెట్టుకొచ్చే కోర్సులున్నాయి, వాటితో నాకు తగువు లేదు. కానీ మర్రిగూడ వైపు బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌కు ఎముకలు వంగిపోయినవాళ్లను చూసినవాడికి, తాగునీళ్ల బోరుతో గడ్డి తడపడం మింగుడుపడదు.

బంతికి కళ్లెం వేయకుండానే దూరానికి మందు చూపించిన మైదానం మన దేశంలోనే ఉంది. 2025 అక్టోబర్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఇండియా చాంపియన్‌షిప్ ఆడటానికి రోరీ మెక్‌ల్రాయ్ వచ్చాడు. ఆ ఏడాది మాస్టర్స్ విజేత, ప్రపంచంలోనే బలంగా కొట్టేవాళ్లలో ఒకడు. వచ్చినవాడు డ్రైవర్‌నే పక్కన పెట్టేశాడు. అక్కడ దారులు ఇరుకు, రెండు పక్కలా ముళ్లపొదలు. బంతి అటు పోతే దాని మీద ఆశ వదులుకోవాలి. టోర్నీ గెలిచింది టామీ ఫ్లీట్‌వుడ్.

అదే క్లబ్‌లో 2008లో, మళ్లీ 2016లో యూరోపియన్ టూర్ టోర్నీలు గెలిచినవాడు ఎస్.ఎస్.పి. చౌరాసియా. తండ్రి రాయల్ కలకత్తా క్లబ్‌లో గడ్డి చూసుకునే మనిషి. కొడుకు అక్కడే క్యాడీగా బ్యాగులు మోస్తూ ఆట పట్టాడు. దూరం కొట్టడు. దగ్గరి దెబ్బల్లో మాత్రం ఎంత నేర్పంటే, చిప్, పుట్ అనే దెబ్బల పేర్లను ఆయన ఇంటిపేరుకు అతికించి 'చిప్‌పుట్‌సియా' అని పిలుచుకుంటారు. చిర్రగోనె ఆడినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. చిర్రను గాల్లోకి లేపడంలోనే ఉంది పనితనమంతా, లేచినదాన్ని కొట్టడం ఎవడైనా కొడతాడు. గజాలు తగ్గితే ఇలాంటి చేతివాటం ఉన్నవాళ్లకు నాలుగు అవకాశాలు పెరుగుతాయి. ఈ కొత్త నియమాన్ని నేను సమర్థించడానికి భూమి ఎంత కారణమో చౌరాసియా కూడా అంతే.

సౌదీ డబ్బుతో 2022లో పీజీఏ టూర్‌కు పోటీగా మొదలైన లివ్ గోల్ఫ్ లీగ్ గొడవ వేరే కథ, నాకు పెద్దగా పట్టదు. లివ్ అంటే రోమన్ అంకెల్లో 54, ఆడేది 54 హోల్సే కాబట్టి ఆ పేరు. తీరా 2026 నుంచి 72 హోల్స్ అన్నారు. పేరు మాత్రం మార్చుకోలేదు.

దానికన్నా జపాన్ ముచ్చట బాగుంటుంది. అక్కడ ఒకే దెబ్బకు బంతి గుంటలో పడితే, కొట్టినవాడే అందరికీ విందు, కానుకలు ఇచ్చుకోవాలి. ఆ ఖర్చుకు భయపడి ముందే ఇన్సూరెన్స్ చేయించుకుంటారు! కొత్త బండి కొన్న పాపానికి దావత్‌లు ఇచ్చుకునే మన ఊళ్లలో ఆ పాలసీ ఎవరైనా తెస్తే మొదట కట్టేది నేనే.

బ్రోచర్ పిల్లగాణ్ణి పోతూపోతూ ఒక్కటే అడిగాను, ఈ గడ్డికి నీళ్లెక్కడివని. "బోర్లున్నయి సార్" అన్నాడు. ఎన్ని ఫీట్లకు పడ్డయని అడిగితే, గజం రేటు మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.